కిరసనాయిలు బోటు ఆసామి

ఆయన పోయారని నాకు ధవళేశ్వరం లాకుల దగ్గర తెలిసింది. రాజమండ్రిలో మా అమ్మను చూసి తిరిగి వస్తూ, విజ్జేశ్వరం వెళ్లే పడవ కోసం గట్టు మీద కూర్చున్నాను. లాకు తలుపులు తిప్పే ముసలాయన నన్ను ఆనవాలు పట్టి దగ్గరకు వచ్చాడు. "మన నూనె బోటు ఆసామి దాటిపోయారండి పంతులమ్మ గారూ. జొరం వచ్చిందంట. ఎక్కువ రోజులు మంచంలో లేరు" అన్నాడు. పక్కనున్న అరటిగెలల వ్యాపారి ఎవరాయన అని అడిగితే, ఇంజను ఆగిపోతే పంపును చేత్తో ఆడించి గోదావరి దాటించినాయన అని చెప్పాడు. వ్యాపారికి వెంటనే తెలిసిపోయింది.

ఊళ్లలో ఆయన గురించి అందరికీ తెలిసింది ఆ ఒక్క సంగతే. ఆ రోజు నేనూ ఆ బోటులో ఉన్నాను కనుక అది కట్టుకథ కాదని చెప్పగలను. కాని ఆయన తలపుకు వస్తే నా కళ్ల ముందు నిలిచేది గోదావరి కాదు. ఉతికిన తెల్లగుడ్డ, దాని మీద పేరంటంలో తాంబూలాలు సర్దినట్టు వరసగా పేర్చిన ఇత్తడి ముక్కలు, వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఒక పొడవాటి మనిషి.

అప్పట్లో నేను నిడదవోలు దగ్గర ఒక పల్లెలో మిషను బడిలో చెప్పేదాన్ని. నెలకోసారి అమ్మను చూడడానికి రాజమండ్రి వెళ్లేదాన్ని. రైలు ఉంది గాని మా పల్లె నుంచి స్టేషనుకు బండి దొరకడమే కష్టం. కాలువ మాత్రం బడి వెనకనుంచే పోయేది. కాలువ మీద అన్నీ తాడు భుజాన వేసుకుని మనుషులు గట్టు వెంట లాగే పడవలే. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. వాటి మధ్య ఆయన బోటు ఒక్కటే డుగ్గు డుగ్గుమంటూ పొగ వదులుతూ వచ్చేది. గట్టు మీద మేసే గేదెలు మొదట్లో తోకలెత్తి పారిపోయేవి, తర్వాత అలవాటు పడ్డాయి. ఆయన బంధువులు మాత్రం చివరిదాకా అలవాటు పడలేదు.

ఆయనది తణుకు వైపు రైతు కుటుంబం. వచ్చిన వాళ్లకు లేదనకుండా అన్నం పెట్టే ఇల్లు. అలాంటి ఇంటి పెద్దకొడుకు కాకినాడ వెళ్లి, ఎవరో దొర వదిలించుకున్న పాత కిరసనాయిలు ఇంజను తెచ్చి ధాన్యం పడవలో బిగించి, తానే దాని ముందు కూర్చున్నాడంటే చుట్టాలకు తల కొట్టేసినట్టయింది. పెళ్లిళ్ల పంక్తిలో కిరసనాయిలు కంపని ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. ఆ సంగతి ఆయనే చెప్పి నవ్వేవారు. తనకు రెండు విస్తళ్ల చోటు దొరుకుతుందనీ, హాయిగా మోకాలు చాపుకుని తింటాననీ అనేవారు.

నిజానికి ఆయన పంచె మీద ఒక్క నూనె మరక నేనెప్పుడూ చూడలేదు. పని పడితే కండువా మడిచి మేకుకు తగిలించి, నడుముకు గోనెగుడ్డ చుట్టుకునేవారు. పని అయ్యాక కుంకుడు రసంతో మోచేతుల దాకా తోముకుని, గోళ్లు ఒక్కొక్కటీ చూసుకుని, మళ్లీ కండువా వేసుకుంటే అప్పుడే పెళ్లికి బయల్దేరిన మనిషిలా ఉండేవారు. ఆ తెలుపంటే ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది. ఎవరైనా పంచె అంచు తొక్కితే మొహం మాడ్చుకునేవారు. మరో గుణం కూడా ఉంది. ఎప్పటికి చేరతామని అడిగితే "భోజనం వేళకండి" అనేవారు. ఏ పూట భోజనమో మాత్రం చెప్పేవారు కాదు.

ఆ బోటుకు ప్రాణమంతా పిడికిలంత ఇత్తడి పంపులో ఉండేది. వెనకవైపు తొట్టిలో నూనె. అక్కణ్నుంచి సన్నటి రాగి గొట్టం పంపుదాకా వచ్చేది. పంపులో ఒక కడ్డీ. ఇంజను తిరుగుతుంటే ఒక మీట ఆ కడ్డీని లోపలికి నొక్కేది, స్ప్రింగు దాన్ని మళ్లీ వెనక్కి తోసేది. వెనక్కి వచ్చినప్పుడు నూనె పీల్చుకుని, లోపలికి పోయినప్పుడు ఎర్రగా కాలిన ఇనప బుడ్డిలోకి చిమ్మేది. పిల్లలు వెదురు చిమ్మనగొట్టంతో నీళ్లు చిమ్ముకుంటారే, అంతే. అది చిమ్మినంతసేపూ బోటు నడిచేది, చిమ్మకపోతే ఉన్నచోట ఉండిపోయేది. బోటు నడుస్తున్నప్పుడు ఆయన ఎవరితో మాట్లాడుతున్నా, రెండు వేళ్లు ఆ రాగి గొట్టం మీద వేసి ఉంచేవారు, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు.

ఇంజను ఆగినప్పుడు చూడాలి ఆయన్ని. బోటు నడిపే సరంగు సత్తెయ్య తొందర మనిషి. ఆగీ ఆగగానే పంపు విప్పమని కేక వేసేవాడు. చాలాసార్లు తప్పు నిజంగా పంపులోనే ఉండేది. అయినా ఆయన నిదానంగా లేచి, పంపును దాటుకుని, తొట్టి దగ్గరకు వెళ్లేవారు. తొట్టి మూత తీసి చూసి, నూనె వేలికి తీసుకుని నాలిక మీద వేసుకుని నీళ్లు కలిశాయేమో చూసి, కింద కుళాయి, చెత్త ఆపే జల్లెడ, గొట్టం, గొట్టం అతుకులు అన్నీ తడుముకుంటూ ఆఖరికి పంపు దగ్గరకు వచ్చేవారు. ఎండలో కూర్చున్న జనం గొణుగుతుంటే ఒకటే మాట.

"అనుమానం వేరు, తెలియడం వేరండి."

పని చేస్తున్నంతసేపూ ఎవరేం అడిగినా పలికేవారు కాదు. అంతా అయి, ఇంజను లేచి, చేతులు కడుక్కున్నాక, అడిగిన వాళ్లందరికీ అడిగిన వరసలో జవాబులు చెప్పేవారు. ఎప్పుడో ఎంతసేపు పడుతుందని అడిగి మరిచిపోయిన వాడి వైపు తిరిగి, "మీరు ఎంతసేపని అడిగారు కదండీ, అయిపోయిందండి" అనేవారు. ఆ మనిషికి కోపం రావాలో నవ్వు రావాలో తెలిసేది కాదు.

ఒక వేసవిలో జరిగింది చెబుతాను. ఆ రోజు బోటులో ఒక పెద్దావిడ, బ్రాహ్మణ వితంతువు, రాజమండ్రిలో కూతురికి కొత్తావకాయ తీసుకెళ్తోంది. జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని, తొట్టికి దగ్గర్లోనే కూర్చుంది. దారిలో బోటు ఆగిపోయింది. ఆయన మామూలుగా తొట్టి దగ్గరకు వెళ్లి మూత తిప్పారు. తిప్పగానే తొట్టి హుస్సుమని గాలి పీల్చుకుంది. ఆ మూతకు సన్నటి చిల్లు ఒకటి ఉండాలి. పంపు నూనె లాగిన కొద్దీ ఆ చిల్లులోంచి గాలి లోపలికి వెళ్లకపోతే, తొట్టి నూనెను వదలదు. మూత తిరగేసి చూస్తే ఆ చిల్లులో చింతపండు ముద్ద గట్టిగా కూరి ఉంది.

ఎవరి పనో అందరికీ అర్థమైంది. పెద్దావిడ తలొంచుకుని జాడీ చుట్టూ చేతులు బిగించింది. ఆవకాయకు కిరసనాయిలు వాసన పడుతుందని ఆమె భయం. సత్తెయ్య ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. చింతపండు పుల్లతో తీసేసి, జాడీని తానే రెండు చేతులా ఎత్తి, బోటు ముందు భాగంలో గాలి ఎదురుగా వచ్చే చోట నీడన పెట్టించారు. "మీరు మంచికే మూశారమ్మా. కాని దానికీ ఊపిరాడాలి కదండీ" అన్నారు.

అంతటితో బయల్దేరారా అంటే లేదు. తప్పు దొరికింది కదా అని ఎంతమంది మొత్తుకున్నా, మళ్లీ మొదలుపెట్టి పంపుదాకా అన్నీ చూసిగాని ఇంజను చక్రం తిప్పలేదు. చింతపండు ఒకటే కారణమని మనం అనుకుంటున్నాం తప్ప మనకు తెలియదు కదా అన్నారు. ఆ రోజు భోజనం వేళ రాత్రి భోజనం వేళే అయింది. దిగేటప్పుడు పెద్దావిడ జాడీ విప్పి, చిన్న ముక్క ఆకులో పెట్టి ఆయనకిచ్చింది. ఆయన అక్కడే నిలబడి తిని, వాసన లేదండి అని సాక్ష్యం చెప్పారు.

ఇదంతా చూసి నేను ఆయన్ని ఒక సరదా మనిషి అనుకునేదాన్ని. ఆయనకు ఈ ఇంజను పిచ్చి ఎక్కణ్నుంచి వచ్చిందో తర్వాత సత్తెయ్య చెప్పాడు. ఆయన భార్యకు ఒక అన్న, ఒక తమ్ముడు. అన్నకూ ఈయనకూ చిన్నప్పటినుంచీ ఒకే కంచం, ఒకే మంచం. ఆ అన్న ఒక ఏడాది గోదావరికి వరద కొత్తనీరు వచ్చిన రోజుల్లో తెరచాప పడవలో విజ్జేశ్వరం నుంచి ధవళేశ్వరం దాటుతున్నాడు. నడిగోదావరిలో గాలి పడిపోయింది. గాలి లేని చాప పాత దుప్పటితో సమానం. ప్రవాహం పడవను ఆనకట్ట మీదికి ఈడ్చుకుపోయింది. మనిషి దొరకలేదు. ఆ తర్వాతే ఈయన కాకినాడ వెళ్లారు. గాలితో పనిలేని పడవ కావాలని. భార్య అడ్డు చెప్పలేదు గాని, వరదల ఎర్రనీరు వచ్చాక నది మీదికి వెళ్లనని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ బోటు మాత్రం ఆమె ఎన్నడూ ఎక్కలేదు.

ఆ మాటను ఆయన ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నారు. కొత్తనీరు వస్తే బోటును విజ్జేశ్వరం లాకు దగ్గర కట్టేసేవారు. రాజమండ్రి వెళ్లాల్సిన వాళ్లను కొవ్వూరు వెళ్లి రైలెక్కమనేవారు.

ఊళ్లన్నీ చెప్పుకునే ఆ రోజు, ఆషాఢంలో ముసురు పట్టిన ఒక పొద్దున. నేను బోటులో విజ్జేశ్వరం చేరేసరికి గోదావరి ఎర్రగా తిరిగి ఉంది. చెట్లు, గడ్డివాములు, నురగ కొట్టుకొస్తున్నాయి. ఆయన బోటు కట్టించేశారు. జనం విసుక్కుంటూ దిగి బళ్లు చూసుకుంటున్నారు. అప్పుడే నలుగురు మనుషులు నులకమంచం మోసుకుంటూ గట్టు దిగివచ్చారు. మంచం మీద ఉన్నవాణ్ని చూడగానే పోల్చుకున్నాను. మా పల్లె దానియేలు. ఒక రైతు దగ్గర పాలేరు. వాళ్ల పెద్దపిల్ల నా బడిలోనే చదువుతోంది. విజ్జేశ్వరం దగ్గరి పొలంలో దున్నుతుంటే ఎద్దు తొడలో కుమ్మింది. భార్య మార్తమ్మ రెండు చేతులతో గుడ్డ అదిమి పట్టుకుని మంచం వెంట పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె చేతుల మధ్యనుంచి నెత్తురు వస్తూనే ఉంది.

కొవ్వూరు దాకా బండిలో, అక్కణ్నుంచి రైల్లో రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తామని వాళ్లలో ఒకడన్నాడు. బురదలో బండి, ప్రతి కుదుపుకూ గాయం విచ్చుకుంటుంది. ఆ పైన రైలు ఎప్పుడొస్తే అప్పుడు. అందరూ ఆయన వైపు చూశారు. టిక్కెట్లు చూసుకునే ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, ముందే అందుకున్నాడు.

"బావా, వద్దు. అక్కకు మాటిచ్చావు."

ఆయన నీటి అంచుకు వెళ్లి ఒక ఎండు కొబ్బరిమట్ట విసిరి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు. తిరిగివచ్చి దానియేలు మణికట్టు పట్టుకుని చూశారు. మేకు మీది కండువా తీసి మార్తమ్మకు అందించి, తొడ పైన గట్టిగా బిగించమన్నారు. అప్పుడు బావమరిదితో చెప్పారు.

"నీళ్లు ఏం చేస్తాయో అది అనుమానమే. బండెక్కిస్తే ఈ మనిషి పోతాడన్నది తెలుస్తూనే ఉంది. నువ్వు దిగిపో. మీ అక్కకు ఇంకో తమ్ముడు లేడు."

అతను దిగి గట్టు మీద తల పట్టుకుని కూలబడ్డాడు. దానియేలును బోటులో పడుకోబెట్టారు. మార్తమ్మ ఎన్నడూ రాజమండ్రి చూసిన మనిషి కాదు. తోడు రమ్మని నన్ను బతిమాలింది. నేనూ కూర్చున్నాను. సత్తెయ్య చుక్కాని పట్టాడు.

సగం దూరం బాగానే వచ్చాం. బోటు ముక్కును ఎగువకు తిప్పి, ఏటవాలుగా దాటిస్తున్నారు. దిగువన ఆనకట్ట మీంచి నీళ్లు దూకే హోరు ఇంజను చప్పుడులోంచి కూడా వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. అప్పుడు ఆ హోరు ఒక్కటే మిగిలింది.

సత్తెయ్య లంగరు విసిరాడు. అది కాస్త పట్టుకుని, ఇసుకలో జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారింది. ఆయన చేసిన మొదటి పని, మంట దీపం వెలిగించి ఇనప బుడ్డి కింద పెట్టడం. బుడ్డి చల్లారితే అన్నీ సరిగ్గా ఉన్నా ఇంజను లేవదు. తర్వాత లేచి, పంపును దాటుకుని, తొట్టి దగ్గరకు నడిచారు.

సత్తెయ్య ఏడుపు గొంతుతో అన్నాడు: "బాబూ, మీ కాళ్లకు దండం పెడతాను, ముందు పంపు చూడండి."

ఆయన వినలేదు. తెల్లగుడ్డ పరవలేదు, గోనెగుడ్డ కట్టుకోలేదు. చేతులు నేనెప్పుడూ చూడనంత వేగంగా కదిలాయి. కాని ఒక్కటీ దాటెయ్యలేదు. మూత, నూనె, కుళాయి, జల్లెడ, గొట్టం. పంపు దగ్గర గొట్టం మర వదులు చేస్తే నూనె ఆయన అరచేతిలోకి ధారగా కారింది. ఇక్కడిదాకా బాగుందని తనలో తను అనుకుని, మర బిగించి, పంపు పక్కనున్న స్ప్రింగు మీద వేలు పెట్టారు. అది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది.

"ఇదండీ" అని నాకు చూపించారు, బడిలో పిల్లవాడు పలక చూపించినట్టు. మారు స్ప్రింగు లేదు.

ఆయన అలా కూర్చున్నప్పుడు చూశాను, మోకాళ్లు వణుకుతున్నాయి. పక్క చెక్కకు తగిలి టకటకమంటున్నాయి. రెండు చేతులతో అదుముకున్నా ఆగలేదు. పెదవులు తెల్లబడిపోయాయి. ఒకసారి దిగువకు, ఆ హోరు వైపు చూసి, చటుక్కున మొహం తిప్పేసుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"పంతులమ్మ గారూ, మీరూ మార్తమ్మా కలిసి ఈ చక్రం తిప్పాలి. కడ్డీని మీట లోపలికి నొక్కుతుంది. వెనక్కి నేను లాగుతాను."

మార్తమ్మ భర్త తొడ మీద చేతులు తీయడానికి ఒక్క క్షణం ఒప్పుకోలేదు. దానియేలే వెళ్లమని సైగ చేసి, తన చేతులతో కండువా ముడి పట్టుకున్నాడు. ఆ పెద్ద చక్రాన్ని ఇద్దరం పట్టుకుని, కాళ్లు చెక్కకు తన్ని, లాగాం. కదల్లేదు. మళ్లీ లాగాం, సగం తిరిగి వెనక్కి కొట్టింది. నా భుజం ఊడిపోయిందనుకున్నాను. మార్తమ్మ నాట్లు వేసే మనిషి, ఆ నడుముకు ఉన్న బలం నాకు లేదు. మూడోసారి ఆమె లాగితే నేను వెంట వేలాడాను, అంతే. బుడ్డిలో ఢక్కుమని అంటుకుంది.

మీట కడ్డీని నొక్కడం, ఆయన దాన్ని వేళ్లతో వెనక్కి లాగడం. మళ్లీ నొక్కడం, మళ్లీ లాగడం. ఇంజను మామూలుగా తిరిగే వేగం లేదు. కుంటుతూ, ఆగుతుందేమో అనిపిస్తూ తిరుగుతోంది. సత్తెయ్య లంగరు తాడు నరికేశాడు. పంపుకు జానెడు దూరంలోనే ఎర్రగా కాలే బుడ్డి. కడ్డీ లాగినప్పుడల్లా ఆయన చేతి వెనకభాగం దానికి దగ్గరగా పోయేది. కాసేపటికి చర్మం కాలిన వాసన వచ్చింది. నేను చెంబుతో నీళ్లు ముంచి చేతి మీద పోయబోయాను.

"చేతి మీద వద్దండి, బుడ్డి మీద పడితే పగులుతుంది. నోట్లో పోయండి" అన్నారు.

నోట్లో పోశాను. పళ్లు చెంబుకు కొట్టుకుంటున్నాయి. కుడిచెయ్యి పట్టు తప్పితే ఎడమచెయ్యి వేశారు, మళ్లీ కుడి. మోకాళ్ల వణుకు అలాగే ఉంది. చేతులు మాత్రం లయ తప్పలేదు. ఆనకట్ట మీద నురగ విడివిడిగా కనిపించేంత దగ్గరకు కొట్టుకుపోయి, అక్కణ్నుంచి జానా బెత్తా ఎగువకు వచ్చి, చివరికి ధవళేశ్వరం లాకు గోడకు బోటు రాసుకుంది. పైనుంచి లాకు మనుషులు తాళ్లు విసిరారు. ఇంజను ఆపమని సత్తెయ్య చెప్పినా ఆయన వేళ్లు కడ్డీని వదల్లేదు. నేనే ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

దానియేలు బతికాడు. కుంటివాడై నాగలి వదిలాడు గాని, చేలకు కాపలా ఉంటూ పిల్లకు పెళ్లి చేసేదాకా బతికాడు. ఆయన చేతులు కూడా ఆ ఆసుపత్రిలోనే కట్టుకట్టారు.

మర్నాడు ఆయన భార్య తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని రైల్లో వచ్చారు. నేను మార్తమ్మకు తోడుగా అక్కడే ఉన్నాను. ఆవిడను చూడడం అదే మొదటిసారి. చిన్న మనిషి. ఏడుస్తారనుకున్నాను, కేకలేస్తారనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు, గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి చక్కెరకేళి పండు తీసి, వలిచి, చిన్న చిన్న ముక్కలు చేసి ఆయన నోటికి అందించారు. ఆయన తిన్నారు. 

"ఆ మనిషి బతికాడా?" అని ఆవిడ అడిగారు.

బతికాడని ఆయన చెప్పారు.

"సరే" అన్నారు ఆవిడ. తొక్క కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నారు. దాని గురించి ఆ తర్వాత ఆవిడ ఆయన్ని తప్పు పట్టలేదనీ, కాని చాలా రోజులు ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడారనీ బావమరిది చెప్పాడు.

ఆయన బోటు మానలేదు. చేతులు మానాయి గాని కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది. గొట్టం పట్టుకుంటే నూనె కదులుతోందో లేదో తెలిసేది కాదు. అందుకని వంగి, రాగి గొట్టానికి కింది పెదవి ఆనించి చూసేవారు. తెలియని వాళ్లు ఆయన ఇంజనుకు ముద్దు పెడుతున్నారని నవ్వుకునేవారు. ఎర్రనీటి మీద మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఆ దాటింపు గురించి ఎవరైనా పొగడబోతే, "మీరు ఎక్కడ దిగాలండీ?" అని అడిగి మాట మార్చేవారు. కొన్నాళ్లకు జనం రైలుకు మరిగారు. బోటు ధాన్యం బస్తాలకు పరిమితమైంది. నేనూ నిడదవోలు బదిలీ అయి, కాలువ మీద తిరగడం తగ్గించాను.

లాకు దగ్గర ఆ కబురు విన్నాక ఇంటికి తిన్నగా వెళ్లబుద్ధి కాలేదు. విజ్జేశ్వరంలో దిగి, బండి మాట్లాడుకుని ఆయన ఊరు వెళ్లాను. పెద్ద మండువా ఇల్లు. ఆవిడ లోపలి వసారాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. కళ్లు మసకబారినట్టున్నాయి, మొదట గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. జ్వరం గురించి, చివరి రోజుల్లో ఆయన గంజి కూడా వద్దన్నారని, కుంకుడు రసంతో చేతులు కడగమని మాత్రం పట్టుబట్టారని చెప్పారు. ఇద్దరం కాస్త నవ్వుకున్నాం.

తర్వాత ఆవిడ నా దగ్గరకు జరిగి గొంతు తగ్గించారు.

"ఆ రోజు మీరు ఆయన పక్కనే ఉన్నారు కదండీ. నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడడిగినా, ఇంజను ఆగింది, మళ్లీ నడిచింది, అనేవారు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆయన భయపడ్డారా?"

 చుట్టుపక్కల ఊళ్లన్నీ గుండె ధైర్యం అంటే ఆయనదే అంటున్నాయి. పోయిన మనిషి గురించి భార్యతో వేరేలా ఎలా చెప్పడం? కాని ఆవిడ నా మొహం వైపే చూస్తున్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. మోకాళ్లు చెక్కకు కొట్టుకున్నాయని, పెదవులు తెల్లబడ్డాయని, నీళ్లు పోస్తే పళ్లు చెంబుకు తగిలాయని, ఒడ్డు చేరేదాకా ఆ వణుకు ఆగలేదని.

ఆవిడ పమిట కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. మనసు కష్టపెట్టానేమో అనుకుంటుండగా, కొంగు దించి నా వైపు తిరిగారు. ఆ మొహం నేను ఆసుపత్రిలో చూసిన మొహం కాదు.

"ఇన్నేళ్లూ నాకు అదే బాధండి. నేను చెయ్యి వేయించుకున్న మాటను గడ్డిపోచలా తీసేసి వెళ్లిపోయారని. అంత భయపడ్డారంటే, నేను గుర్తున్నట్టే కదండీ?"

"గుర్తున్నారండి" అన్నాను.

ఆవిడ తల ఊపి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, భోంచేసి వెళ్లాలని చెప్పి వంటింట్లోకి వెళ్లారు.